చూడని యూరిలో బస

ధ్యాన వాక్యభాగము: సంఖ్యాకాండము 10:29–33



ఇశ్రాయేలీయులు సీనాయి అరణ్యమునుండి బయలుదేరిన దినములలో జరిగిన చిన్న సంగతి యొకటి ఈ వచనములలో నున్నది. మనము చదువుచు చదువుచు దానిని దాటిపోవుదుము. పగటివేళ మేఘము వారిమీద నుండెను. నిబంధన మందసము మూడు దినముల ప్రయాణమంత దూరము వారికి ముందుగా సాగి, వారు దిగవలసిన చోటును వెదకుచుండెను. ఇంతకంటె గొప్ప సహాయము ఏ జనమునకు దొరకును? అయినను మోషే తన మామయగు రెవూయేలు కుమారుడైన హోబాబును పిలిచి, తమ్మును విడిచి పోవద్దనియు, ఈ అరణ్యములో ఎచ్చట దిగవలెనో అతనికి తెలియును గనుక తమకు కన్నులుగా నుండుమనియు బతిమాలెను.

మేఘము ఉండగా హోబాబుతో పనియేమి? మోషే విశ్వాసము ఇక్కడ కొంచెము సన్నగిల్లెనని చెప్పువారు కలరు. ఆ మాట నాకు సమ్మతము కాదు. ఎప్పుడు లేవవలెనో, ఎప్పుడు ఆగవలెనో మేఘము చూపెను. ఆగిన చోట ఏ వంకలో తవ్విన నీరు పడునో, ఏ రాతిసందున తేళ్లుండునో, మేకలకు ఆకు ఏ గట్టున దొరకునో ఆ నేలమీద పుట్టి పెరిగినవానికి తెలియును. ఆ తెలివిని ఆ మనుష్యునియందు ఉంచినవాడును దేవుడే. కావున హోబాబును అడుగుటచేత మోషే దేవుని విడువలేదు. దేవుడు తన ప్రక్కన నిలిపిన మనిషిని చూచెను, అంతే.

ఈ వాక్యమును ఈ నెల ఎందుకు తీసికొంటినో మీలో పిల్లలను బెంగుళూరికి పంపుచున్నవారికి వెంటనే తెలియును. మన అనంతపురము సీమలో ఏడాదికి సగటున కురియు వాన 550 మిల్లీమీటర్లకు అటునిటు. అదియు విత్తునాటికి రాదు, వచ్చిన నాడు పైరుకు అక్కరలేదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాను రెండుగా చేసి, పుట్టపర్తి ముఖ్యపట్టణముగా శ్రీ సత్యసాయి జిల్లాను ఏర్పరచిరి గాని, మబ్బులకు ఆ హద్దు తెలియదు. రెండింటిని ఒకే తీరుగా ఎండగట్టుచున్నవి. హంద్రీ–నీవా కాలువ శ్రీశైలము నీటిని జీడిపల్లి జలాశయమునకు తెచ్చినది, అందుకు దేవునికి స్తోత్రము. కాలువకు ఎడముగానున్న ఎర్రనేలలకు మాత్రము ఇంకను వానయే దిక్కు. శెనక్కాయ వేసినవాడు విత్తనపు అప్పు తీర్చుటకు తిరిగి అప్పుచేయుట మన ఊళ్లలో క్రొత్త కాదు. 1876–78 నాటి గొప్ప కరువులో మన పూర్వికులు గంజి దొరకు చోటును వెదకుచు నడచిపోయిరి. మన బిడ్డలు ధర్మవరములో రైలెక్కి, పెనుకొండ, హిందూపురము మీదుగా పోవుచున్నారు. భేదము నడకలోనే గాని పోవుటలో లేదు.

పోవుట పాపము కాదు. అబ్రాహాము కరువునుబట్టి ఐగుప్తునకు పోయెను. యాకోబు కుమారులు ధాన్యమునకు పోయిరి. నయోమి కుటుంబము బేత్లెహేము విడిచి మోయాబునకు పోయెను. ఊరు విడిచినవారిని తక్కువగా చూచు పెద్దలు కొందరు మన సంఘములలో ఉన్నారు. వారు తమ మనుమలు పంపు డబ్బుతోనే కరెంటు బిల్లు కట్టుచున్నారు, ఆ మాట ఇంతటితో చాలించెదను. నేను చెప్పదలచినది పోవుటనుగూర్చి కాదు. పోవుటకు ముందు, ఇంకను చూడని ఆ మహానగరములో తలదాచుకొను చోటును ఇక్కడనుండి ఎట్లు వెదకవలెననునదే.

పూర్వము వలసపోవువాడు మొదట ఒక్కడే పోయి, పని చూచుకొని, గది చూచుకొని, రెండు నెలలకు తిరిగి వచ్చి భార్యాబిడ్డలను తీసికొనిపోవుచుండెను. ఇప్పుడు చదువుకొన్న పిల్లలకు ఉద్యోగపు ఉత్తరువు ఫోనులోనే వచ్చును. వచ్చు సోమవారమునకు పనిలో చేరుమనును. అందుచేత బాడుగ ఇంటిని గూడ ఫోనులోనే వెదకుచున్నారు. ఇల్లు చూపించు ఆప్‌లు ఎన్నియో ఉన్నవి. ఫోటోలలో తెల్లని గోడలు, వెలుతురు కిటికీ, మెరయు బండపరుపు కనబడును. లోతు యొర్దాను మైదానమును కన్నులెత్తి చూచినప్పుడు అదియు యెహోవా తోటవలె పచ్చగా కనబడెను. నీళ్లను చూచెను, మేతను చూచెను. అక్కడ కాపురమున్న మనుష్యులు ఎట్టివారో విచారించెనని ఆదికాండము 13వ అధ్యాయములో ఎక్కడను లేదు. ఫోటో చూచి ఇల్లు కుదుర్చుకొనుట కూడ అటువంటిదే. గోడలు కనబడునుగాని ఇంటివాడు కనబడడు.

గడచిన యేట మన ప్రాంతపు కుటుంబమొకదానికి జరిగినది చెప్పెదను. వారి అనుమతితోనే చెప్పుచున్నాను. పేరు, ఊరు చెప్పను. వారి కుమార్తె డిగ్రీ ముగించి బెంగుళూరులో ఉద్యోగము సంపాదించెను. పది దినములలో చేరవలెను. అన్న ఫోనులో వెదకి ఇల్లు చూచెను. బాడుగ ఆ చుట్టుప్రక్కల ఇండ్లకంటె సగమే. ఇంటివాడనని మాటలాడిన మనుష్యుడు, తాను సైన్యములో ఉన్నాననియు, దూరదేశమునకు బదిలీ యైనందున ఇల్లు తక్కువకు ఇచ్చుచున్నాననియు చెప్పి, యూనిఫారములో తీసిన గుర్తింపుకార్డు ఫోటో పంపెను. మొదట గేటు పాసుకని ఐదు వేలు అడిగెను. తరువాత అడ్వాన్సులో ఒక భాగమని ఇరువది వేలు. పిమ్మట, లెక్క సరిపోవుటకు ఇంకొక రెండు వేలు పంపిన యెడల మొత్తము సరిచూచి తిరిగి వేయుదుననెను. తండ్రి రెండు పొట్టేళ్లను, ఇంటిలోనున్న శెనక్కాయల మూటలను అమ్మి ఈ సొమ్ము పంపెను. మొత్తము ఇరువదియేడు వేల రూపాయలు.

తెల్లవారుజామున అన్నాచెల్లెండ్లు గ్యాస్ పొయ్యి, పరుపుచుట్ట, బియ్యపు సంచితో మెజస్టిక్ బస్టాండులో దిగిరి. ఆ చిరునామాకు పోగా ఇల్లు ఉన్నది, ఫోటోలోని కిటికీయు ఉన్నది, అందులో వేరే కుటుంబము కాపురమున్నది. వారికిని ఈ సంగతి తెలియదు. ఇదే ఇంటిని అడుగుచు ఇంతకుముందే ముగ్గురు వచ్చి పోయిరని వాచ్‌మన్ చెప్పెను. ఫోను చేయగా ఆ నంబరు మోగలేదు.

అప్పుడు ఆ పిల్ల తల్లి ఇంటివద్దనుండి ఏడ్చుచు ఒకరిని జ్ఞాపకము చేసికొనెను. ప్రక్క ఊరి సంఘపు స్త్రీ యొకతె, తాపీపని చేయు భర్తతో కూడ బెంగుళూరులో కట్టుచున్న ఒక పెద్ద భవనము ప్రక్కన రేకుల షెడ్డులో ఉన్నది. ఆమెకు ఫోను చేసిరి. ఆమె ఆ దినపు కూలి మానుకొని రెండు బస్సులు మారి వచ్చి, వారిని తన షెడ్డునకు తీసికొనిపోయెను. ఆరడుగుల మంచమొకటియే ఉన్నందున దానిని ఆ పిల్లకు ఇచ్చి తాము నేలమీద పండుకొనిరి. నాలుగు రాత్రులు అక్కడనే ఉండిరి. ఐదవ దినమున ఆ స్త్రీయే విచారించి, స్త్రీలు ఉండు ఒక హాస్టలులో, నెల డబ్బు మాత్రమే ముందు కట్టించి, చోటు కుదిర్చెను. కంప్యూటరు ఉద్యోగమునకు పోవు పిల్లకు బస దొరికినది ఫోనులోని ఫోటోచేత కాదు, ఇటుకలు మోయు చేతులచేత.

నన్ను ఎక్కువగా బాధించినది ఇరువదియేడు వేలు కాదు. ఆ స్త్రీని ముందే ఎందుకు అడుగలేదని నేను ఆ తల్లిని అడిగితిని. చాలసేపు ఊరకుండి, "ఎవరికీ చెప్పలేదయ్యగారూ, దిష్టి తగులునని," అనెను. ఉద్యోగము వచ్చినదని సంఘములో ఒక్కరికిని చెప్పలేదు. పిల్ల చేరి, మొదటి జీతము వచ్చిన పిమ్మట చెప్పుదమనుకొనిరి. ప్రియులారా, దిష్టిని బాప్తిస్మపు నీళ్లలో విడిచితిమని చెప్పుకొనుచున్నాము. గుమ్మడికాయ కట్టుట మానితిమి. అయినను బిడ్డకు మేలు జరిగినప్పుడు నోరు కట్టుకొనుచున్నాము. ఇది ఆ కుటుంబపు మాట మాత్రమే కాదు. మన గుడిలో ఆదివారము చాపమీద కూర్చున్నవారిలో సగముమందికి ఈ జబ్బు ఉన్నది. నోరు కట్టుకొన్నవానికి హోబాబు ఎట్లు దొరకును? ఆ సంగతి మనకు తెలిసియుండిన యెడల, ఆ ఇంటిని చూచి రమ్మని అడుగుటకు బెంగుళూరులో మన సంఘపు బిడ్డలు అప్పటికే ఎందరో ఉండిరి. ఒక ఆదివారపు మధ్యాహ్నము, ఒక బస్సు టిక్కెట్టు, అంతలో మోసము బయటపడియుండును.

అపొస్తలుడైన పౌలు బసను వెదకిన విధమును చూడుడి. ఆయన బంధకములలో ఉండి ఫిలేమోనునకు పంపిన ఆ చిన్న పత్రికలో, చివరకు వచ్చునప్పటికి, తనకొరకు బస సిద్ధపరచుమని వ్రాసెను. అంతయు ఒనేసిమునుగూర్చి వ్రాసి, బస మాట ఎంత మామూలుగా చెప్పెనో చూడుడి. అడిగినది ఎవరిని? తన ప్రేమను, తన మాటను ఎరిగిన సహోదరుని. కొరింథునకు పోయినప్పుడు అకుల ప్రిస్కిల్ల యింట దిగెను. వారును క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞచేత రోమా విడిచి వచ్చినవారే, అనగా వలస వచ్చినవారే, పైగా ఒకే వృత్తివారు. యెరూషలేమునకు పోవునప్పుడు కైసరయ శిష్యులు కొందరు వెంట వచ్చి, కుప్రవాడైన మ్నాసోను ఇంట ఆయనను దింపిరి. రోమాలో రెండు సంవత్సరములు బాడుగ ఇంటనే కాపురముండెను. ఇంత ప్రయాణము చేసినవాని బసలన్నియు మనుష్యుల ద్వారానే కుదిరినవి.

ఇక డబ్బు మాట. విశ్వాసులము గనుక కాగితముతో పనిలేదని కొందరు అనుకొందురు. యిర్మీయా 32వ అధ్యాయమును తీసి చదువుడి. అప్పుడు యెరూషలేమును బబులోను సైన్యము చుట్టుకొని యుండెను. యిర్మీయా కారాగృహపు ఆవరణములో ఉండెను. అనాతోతులోని పొలమును కొనెనుగాని, పోయి చూచుటకు వీలులేదు. చూడలేని చోటును దూరమునుండి కొనుట ఆయనకును సంభవించెను! కొనుమని దేవుడే చెప్పెను. అయినను ఆ ప్రవక్త ఏమి చేసెను? అమ్మినవాడు ఎవరో ఎరుగును; తన పినతండ్రి కుమారుడగు హనమేలు. పదునేడు తులముల వెండిని తూచి ఇచ్చెను. క్రయపత్రము వ్రాసి, ముద్రవేసి, సాక్షులను పెట్టెను. ముద్రించినది ఒకటి, తెరచియున్నది ఒకటి, రెండు ప్రతులను బారూకు చేతికిచ్చి మట్టికుండలో భద్రపరచుమనెను. దేవుని మాట చెవినిపడినవాడే ఇంత జాగ్రత్త చూపగా, ఫోటో మాత్రము చూచిన మనము ఎంత చూపవలెను!

కావున కొన్ని మాటలు వాడుకలోనున్నట్లే చెప్పెదను. ఎవరో తెలియనివానికి, ఇల్లు కన్నులతో చూడకముందు, టోకెన్ అనియు గేటు పాసు అనియు ఒక్క రూపాయియైన పంపకుడి. మీకు డబ్బు రావలెనన్న, ఫోనులో కోడ్ స్కాను చేయనక్కరలేదు, పిన్ నొక్కనక్కరలేదు. స్కాను చేసి పిన్ నొక్కినప్పుడు డబ్బు మీ ఖాతానుండి పోవును గాని రాదు. మీకు డబ్బు వేయుటకని పిన్ నొక్కుమన్నవాడు దొంగ, వాడు ఏ యూనిఫారము చూపినను సరే. మోసపోయితిమని తెలిసిన గడియలోనే 1930 అను నంబరునకు ఫోను చేయవలెను; త్వరగా చెప్పినయెడల సొమ్మును దారిలోనే ఆపుటకు వీలుండును. సిగ్గుచేత రెండు దినములు దాచినవారికి ఆ వీలు పోవును.

ఇల్లు చూచుటకు పోయినవారు కరెంటు బిల్లుమీదను ఇంటిపన్ను రసీదుమీదను ఉన్న పేరును, బాడుగ తీసికొనువాని పేరును సరిచూడవలెను. బెంగుళూరులో పూర్వము పది నెలల బాడుగను అడ్వాన్సుగా అడుగుట వాడుక. ఇప్పటికిని ఐదారు నెలలది అడుగువారు విస్తారము. పన్నెండు వేల ఇంటికి పది నెలలదన్న లక్షా ఇరువది వేలు, అది మన ఊరిలో ఒక కుటుంబము సంవత్సరమంతయు బ్రదుకు సొమ్ము. 2021లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన నమూనా కౌలు చట్టములో నివాసపు ఇంటికి రెండు నెలల బాడుగను మించి అడ్వాన్సు తీసికొనరాదని ఉన్నది గాని, అది నమూనా మాత్రమే. ఏ రాష్ట్రము దానిని తన చట్టముగా చేసికొనునో అక్కడనే చెల్లును. కావున ఆ పేరు చెప్పి ఇంటివానితో వాదించుటకంటె, ఎంత ఇచ్చితిమి, ఎప్పుడు తిరిగి ఇచ్చును, రంగులకని ఎంత పట్టుకొనును అను మూడు సంగతులను అగ్రిమెంటులో వ్రాయించుట మేలు. అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు వ్రాయుదురని కొందరు నన్ను అడిగిరి. ఒక సంవత్సరమునకు మించిన కౌలును రిజిస్టరు చేయవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము చెప్పుచున్నది. ఆ ఖర్చు తప్పించుకొనుటకే పదకొండు. మోసము కాదు, భయపడకుడి.

మరియొక పద్ధతి అక్కడ ఉన్నది. లీజు అందురు, మన పెద్దలు భోగ్యము అనుదురు. లక్షలు ఒక్కసారిగా ఇచ్చిన యెడల నెలబాడుగ ఉండదు, గడువు తీరగానే సొమ్ము తిరిగి ఇత్తురు. వినుటకు ఇంపుగానే యుండును. ఆ ఇల్లు అంతకుముందే బ్యాంకులో తాకట్టుపడి యుండి, అప్పు కట్టనియెడల, మొదటి హక్కు బ్యాంకుదే. దూరమునుండి ఇల్లు వెదకువారు దీని జోలికి పోనేరాదని నా అభిప్రాయము.

నీటినిగూర్చి అడుగుట మరువకుడి. నీళ్లు లేకనే గదా మనము ఊరు విడుచుట! 2024 వేసవిలో బెంగుళూరులో బోర్లు ఎండి, పెద్ద పెద్ద భవనములలో ఉన్నవారు సైతము ట్యాంకరు కొరకు కాచుకొనిరి. కావేరి కొళాయి ఉన్నదా, బోరు మాత్రమే ఉన్నదా, ట్యాంకరు డబ్బు బాడుగలో కలిసినదా అని అడుగుటకు అనంతపురము బిడ్డ సిగ్గుపడరాదు. మరియు పనిచేయు చోటు నగరమునకు ఏ కొనన ఉన్నదో చూచుకొనవలెను. మన వైపునుండి పోవువారికి యెలహంక దగ్గరగా తోచును. పని ఎలక్ట్రానిక్ సిటీలో ఐనచో అది నగరమునకు ఆవలి కొన. దినమునకు నాలుగు గంటలు బస్సులోనే పోవును.

అన్నిటికంటె మేలైనది, మొదట గుడారము, తరువాత ఇల్లు. వాగ్దాన దేశమునకు వచ్చినను అబ్రాహాము గుడారములలోనే నివసించెనని హెబ్రీ పత్రిక చెప్పుచున్నది. ఎరిగినవారి యొద్దనో, నెలకు నెల కట్టు హాస్టలులోనో ఒక నెల ఉండి, అటుపిమ్మట కాళ్లతో నడచి, సందు సందు తిరిగి ఇల్లు చూచుకొనుడి. గేటుకు వ్రేలాడు టు-లెట్ బోర్డు ఫోనులోని ఫోటోకంటె నమ్మదగినది. మడకశిర, హిందూపురము వైపువారికి కన్నడము వచ్చును గనుక వారిని వెంట తీసికొనిపోయిన యెడల బాడుగ కొంచెము తగ్గినను తగ్గును.

ఇప్పుడొక కష్టమైన సంగతి. ఫోనులో ఇల్లు ఖాళీగా ఉన్నదన్నవారు, పేరు వినగానే ఖాళీ లేదనుచున్నారని మన పిల్లలు చాలమంది నాతో చెప్పిరి. మాంసము తిందురా, ఏ కులము, ఏ దేవుడు అని అడుగుదురు. కొందరు ఇల్లు దొరకుటకు పేరు మార్చి చెప్పుచున్నారు. శాకాహారులమని చెప్పి, పిమ్మట కిటికీలు మూసికొని వండుకొనుచు, మెట్లమీద అడుగుల చప్పుడైన ఉలికిపడుచున్నారు. ఒక యౌవనుడు ఆదివారము బైబిలును కూరగాయల సంచిలో, ఆకుకూర కింద పెట్టుకొని గుడికి పోవుచున్నాడని తెలిసినది.

ఆదికాండము 12వ అధ్యాయములో కరువుకు ఐగుప్తు పోయిన అబ్రాహాము చేసినదిదియే. అచ్చటివారు చంపుదురని భయపడి శారయిని తన సహోదరి అని చెప్పించెను. అది పూర్తిగా అబద్ధమును కాదు. ఆమె తన తండ్రి కుమార్తెయని తరువాత గెరారులో చెప్పుకొనెను. సగము నిజముతో చోటు దొరికినది, గొఱ్ఱెలు దొరికినవి, గాడిదలు దొరికినవి. ఇంటిలోని మనిషి మాత్రము పరుల పాలాయెను. దేవుడు ఆమెను విడిపించెను. అయినను విశ్వాసులకు తండ్రియైనవాడు ఫరో చేత మందలింపబడి ఆ దేశము విడువవలసి వచ్చెను.

ఆ యౌవనుని నేను దూషింపను. తప్పు మొదట అతనిది కాదు. కులమును అడిగి తలుపు మూసినవానిది. కులమునుబట్టి మనిషిని త్రోసివేయుట దేవుని యెదుట పాపము, ఇది దేశమంతటిని పట్టిన రోగము, మన గుడులలో సైతము బావి దగ్గరను పెండ్లి సంబంధముల దగ్గరను అది పోలేదు గనుక పరులను మాత్రమే నిందింపలేము. అయినను అతనితో ఒక మాట చెప్పెదను. అడుగనిదానిని చాటించుకొనవలెనని నేను చెప్పను; అడిగినప్పుడు అబద్ధమాడకుము. తెల్లని బండపరుపు ఇంటిలో గుసగుసగా ప్రార్థన చేయుటకంటె, రేకుల గదిలో గొంతెత్తి పాడుకొనుట నీకు మేలు. నీకు చోటిచ్చు ఇంటివారు ఆ నగరములో ఉన్నారు, హిందువులలోను ముస్లిములలోను ఉన్నారు. మనవారిలో ఎందరో అట్టివారి ఇండ్లలో మర్యాదగా కాపురముచేయుచున్నారు. వారి చిరునామాలు ఒకరికొకరు చెప్పుకొనకపోవుటయే మన లోపము.

కూలికి పోవువారి మాట వేరు. పడమటి కర్నూలు వారు సుగ్గి అందురు. మనవారు ఊరక వలస అందురు. వీరు ఇల్లు వెదకునదే లేదు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చును, ఎక్కడ దింపిన అక్కడే బస. అడ్వాన్సు చేతబట్టిన పిమ్మట ప్రశ్న అడుగుట కష్టము. కావున బట్టకముందే అడుగవలెను: షెడ్డునకు తలుపుకు గడియ ఉన్నదా? ఆడవారికి మరుగుదొడ్డి ఉన్నదా? బడి ఎంత దూరము? ఈ మూడింటికి జవాబు చెప్పని మేస్త్రీ వెంట ఎదిగిన ఆడపిల్లను తీసికొనిపోకుడి. కేంద్ర ఆహార భద్రత చట్టము క్రింద రేషను కార్డు ఉన్నవారు బెంగుళూరులో కూడ వేలిముద్ర వేసి తమ ధాన్యమును తీసికొనవచ్చును. కార్డు నంబరు వెంట ఉంచుకొనుడి.

నగరములో ముందుగా స్థిరపడిన సహోదరులారా, ఈ పత్రిక ఊరినుండి మీకు చేరినయెడల మీతో రెండు మాటలు. మోషే మొదట పిలిచినప్పుడు హోబాబు రాననెను. నా దేశమునకును నా బంధువులయొద్దకును పోవుదుననెను. మీరును అట్లే అనవచ్చును. ఊరివాడు ఫోను చేసిన సాయమడుగునని ఎత్తకుండువారు ఉన్నారు, నేనెరుగుదును. మోషే రెండవమారు అడిగినప్పుడు, తమకు కలుగు మేలులో అతనికిని పాలు ఇత్తుమని చెప్పెను. దానికి హోబాబు ఏమనెనో గ్రంథములో లేదు. అయినను న్యాయాధిపతుల గ్రంథము మొదటి అధ్యాయములో, మోషే మామ సంతతివారైన కేనీయులు యూదావారితో కూడ వచ్చి అరాదు దక్షిణమున కాపురముండిరని చదువుచున్నాము. వచ్చెననియే నేను తలంచుచున్నాను.

ఊరిలో నున్నవారు మోషే చెప్పిన ఆ పాలు మాటను మరువరాదు. ఇల్లు చూచి రమ్మని అడిగినప్పుడు, ఆ పిల్లవానికి ఆ దినపు కూలి పోవును, బస్సు ఖర్చగును. మనవాడే గదా అని ఊరక తిప్పకుడి. ఖర్చు పంపుడి. ఇల్లు కుదిరిన పిమ్మట ఒక మూట శెనక్కాయలైన పంపుడి.

పోవు బిడ్డలు పాస్టరుగారి చేతి సభ్యత్వ పత్రమును తీసికొనక పోవద్దు. పౌలు ఫీబేను రోమా సంఘమునకు పంపునప్పుడు, ఆమెను చేర్చుకొని కావలసినదానిలో సహాయము చేయుడని వ్రాసి పంపెను. బెంగుళూరులో తెలుగు ఆరాధన జరుగు సంఘములు ఉన్నవి. ఆ కాగితము చేతనున్నవానికి మొదటి ఆదివారమే నలుగురు పరిచయమగుదురు. ఖాళీ గది ఎక్కడ ఉన్నదో ఆ నలుగురిలో ఒకరికి తెలిసియుండును.

మన పాస్టరేటు కార్యదర్శిగారి యొద్ద ఒక నోటుపుస్తకము పెట్టితిమి. బెంగుళూరులో ఉన్న మన సంఘపు బిడ్డల పేర్లు, ఫోను నంబర్లు, ఉండు ప్రాంతము, ఆదివారము మధ్యాహ్నము ఒక ఇల్లు చూచి రాగలరా లేదా అనునది అందులో వ్రాయుచున్నాము. వారిని అడిగి, ఒప్పుకొన్నవారి పేర్లే వ్రాసితిమి. తాపీపనివాని భార్యయగు ఆ స్త్రీ పేరు మొదటి పుటలో ఉన్నది. ఇప్పటికి పదునొకండు పేర్లు ఎక్కినవి: మారతహళ్లి, వైట్‌ఫీల్డు వైపు ఆరుగురు, యెలహంక వైపు ముగ్గురు, పీణ్యలో ఇద్దరు. ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఇంకను ఎవరును లేరు. వచ్చు నెలలో ఆ వైపునకు ఇద్దరు పిల్లలు పోవలసియున్నది గనుక, అక్కడ మీ బిడ్డలుగాని బంధువులుగాని ఉన్న యెడల ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే కార్యదర్శిగారితో చెప్పవలెనని కోరుచున్నాను.